ఏపుగా పెరిగిన మొక్క వేరులో ఏముంది?

(నల్లమల అంచున ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు, అటవీ సిబ్బంది ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

నమస్కారమండీ. వెనక వరుస దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

అడవికి యూరియా వేస్తే చెట్లు బాగా పెరుగుతాయా? ఈ మాట అడిగితే ఇక్కడున్న రైతులు "ఎందుకు పెరగవు సార్, ఎరువు పడితే ఏదైనా పెరుగుతుంది" అంటారు. సైన్సు పిల్లలూ దాదాపు అదే అంటారు, కాకపోతే నత్రజని, క్లోరోఫిల్ అని రెండు మాటలు కలుపుతారు. ఎవరూ తప్పు చెప్పడం లేదు. కానీ మన నల్లమల లాంటి అడవిలో, అంటే ఏడాదిలో దాదాపు సగం సరైన వాన లేకుండా గడిపి, ఎండాకాలం ముదిరేలోపు ఆకంతా రాల్చేసే అడవిలో, చెట్టు పెరిగిందా లేదా అన్నది సగం ప్రశ్నే. పైకి పెరిగినప్పుడు కింద ఏం తగ్గింది అన్నది మిగతా సగం. నేను మాట్లాడబోయేది ఆ రెండో సగం గురించి. మొదటి సగం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు.

అసలు అడవికి యూరియా ఎవరు వేస్తారు? ఎవరూ వేయరు. అదే వచ్చి పడుతుంది.

ఎలాగో చూడండి. యూరియాలో 46 శాతం నత్రజని. 45 కిలోల కట్ట విప్పి చేలో చల్లితే అందులో నత్రజని 20 కిలోల పైచిలుకు. మన వరి, మొక్కజొన్న అందులో మూడో వంతో, బాగా అయితే సగానికి కాస్త అటూ ఇటూనో తీసుకుంటాయి. మిగతాది ఎటు పోయింది? కొంత నీళ్లతో కిందికి దిగి బావుల్లో, వాగుల్లో కలుస్తుంది. కొంత అమ్మోనియాగా మారి గాలిలోకి లేస్తుంది. నీళ్లు నిలిచిన వరి మడిలో మిట్టమధ్యాహ్నం యూరియా చల్లారనుకోండి, అప్పుడు నీటిలోని నాచు పనిచేసి నీళ్లకు క్షారగుణం పెరుగుతుంది, ఆ వేళలో గాలిలోకి పోయేది ఇంకా ఎక్కువ. కోళ్ల షెడ్డు తలుపు పొద్దున్నే తీసి లోపల అడుగు పెడితే కళ్లు మండుతాయే, ఆ ఘాటు కూడా ఇదే అమ్మోనియా. దీనికి తోడు బొగ్గు కాల్చే విద్యుత్ కేంద్రాల నుంచి, లారీలు, కార్ల నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. ఇవన్నీ గాలిలో తిరిగి తిరిగి ఎక్కడో ఒకచోట దిగాలి కదా. అమ్మోనియాలో చాలా భాగం పుట్టినచోటికి దగ్గర్లోనే దిగిపోతుంది. చదునైన పొలం కన్నా ఎత్తుపల్లాలుగా ఉన్న చెట్ల తలలకు గాలి ఎక్కువగా రాసుకుంటుంది, అందుకని పొలం ముగిసి అడవి మొదలయ్యే అంచు మీద ఎక్కువ పడుతుంది. ఆకుల మీద పడింది తొలకరి వానకు కడుక్కుని మట్టిలోకి వస్తుంది. మిగతాది సన్నటి ధూళి కణాలుగా వందల కిలోమీటర్లు పోగలదు.

ఉపగ్రహాల నుంచి అమ్మోనియాను కొలిచినప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద మచ్చ గంగా సింధు మైదానం మీద కనిపించింది. అక్కడితో పోలిస్తే మన దక్కన్ నయం. నయం అంటే లేదని కాదు.

లెక్క వేసి చూద్దాం. హెక్టారుకు ఏడాదికి 10 కిలోల నత్రజని గాలి నుంచి పడిందనుకోండి. ఇది ఊరికే లెక్క కోసం తీసుకున్న అంకె, ఈ అడవిలో కొలిచింది కాదు. ఎకరానికి 4 కిలోలు. యూరియా రూపంలో చెప్పాలంటే దాదాపు 9 కిలోలు, అంటే ఐదేళ్లకు ఎకరానికి ఒక కట్ట. రైతుకు ఇది నవ్వొచ్చే లెక్క, ఐదేళ్లకో కట్టతో ఏ పంట పండుతుంది? కానీ పంటకు మనం ఏటా వేస్తాం, ఏటా కోసుకుపోతాం. అడవిలో కోత లేదు. పడింది పడినట్టు అక్కడే తిరుగుతుంది, తరాల తరబడి తక్కువతో సర్దుకోవడం నేర్చుకున్న చెట్ల మధ్య తిరుగుతుంది.

ఆ సర్దుకోవడం ఎలాంటిదో కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అది అర్థం కాకపోతే తర్వాత చెప్పేది నిలబడదు.

మాఘంలో, ఫాల్గుణంలో అడవిలోకి వెళితే కాళ్ల కింద ఆకులు కరకరలాడుతుంటాయి. చెట్టు ఆ ఆకును ఊరికే రాల్చలేదు. రాల్చేముందు అందులో ఉన్న నత్రజని, భాస్వరాన్ని సుమారు సగం వెనక్కి లాగేసుకుని, కొమ్మల్లో, కాండంలో, వేర్లలో పెట్టుకుని, మిగిలిన తొక్కు లాంటిదాన్ని కింద పడేసింది. పడిన ఆకును సూక్ష్మజీవులు పట్టుకుంటాయి. 1989లో కాశీలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి జె.ఎస్. సింగ్, ఆయన సహచరులు వింధ్య ప్రాంతపు ఆకురాల్చే అడవుల మట్టి మీద 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం వేశారు. చిన్నదే కానీ చాలా పెద్ద మాట చెప్పింది. మట్టిలోని సూక్ష్మజీవుల ఒంట్లో ఉండే నత్రజని, భాస్వరం ఎండాకాలంలో ఎక్కువగా, వానాకాలంలో తక్కువగా ఉంటాయని తేల్చారు. మామూలుగా మనం ఎండాకాలంలో మట్టి చచ్చిపడి ఉంటుంది అనుకుంటాం. కాదు, ఆ ఆరు నెలలూ పోషకాలు కొట్టుకుపోకుండా, ఆవిరైపోకుండా ఈ కంటికి కనబడని జీవులే పట్టి ఉంచుతాయి. వాన పడగానే అవి చాలావరకు చస్తాయి, పగులుతాయి, వాటిలోనిది బయటికి వస్తుంది, సరిగ్గా అదే సమయానికి చెట్టు చిగురు వేస్తుంది. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే మోడులా ఉన్న అడవి వారం పది రోజుల్లో పచ్చబడటం వెనక ఉన్నది ఇది. ఎరువుల కొట్టు లేకుండా నడిచే ఏర్పాటు.

ఇప్పుడు మొక్కల సంగతి. పెద్ద చెట్టు ఎలాగో బతుకుతుంది, అసలు పరీక్షంతా మోకాలెత్తు మొక్కకే. ఇక్కడున్న బీట్ ఆఫీసర్లకు నేను చెప్పక్కర్లేదు. టేకు, నల్లమద్ది, తునికి, ఎర్రచందనం, వీటి చిన్న మొక్కలు ఏటా పైన ఎండిపోయి కింద బతికి ఉంటాయి. వానకు ఒక చిన్న రెమ్మ వస్తుంది, నాలుగు ఆకులు వేస్తుంది, ఎండలకో మంటకో మాడిపోతుంది, మళ్లీ వానకు వస్తుంది. చూసేవాళ్లకు ఐదేళ్లుగా ఆ మొక్క జానెడే ఉంటుంది. తవ్వి చూస్తే కింద వేరు బొటనవేలంత, కొన్నిసార్లు మణికట్టంత లావు. ఏటా ఆ నాలుగు ఆకులు సంపాదించిన దాంట్లో పెద్ద వాటా కిందకు పంపి, పిండిపదార్థంగా దాచుకుంటూ, ఒక మంచి వానల ఏడు, మంట రాని ఏడు చూసుకుని ఒక్కసారిగా మనిషెత్తు లేస్తుంది. వేరు దాని గాదె.

నమ్మకం కుదరకపోతే టేకు స్టంపు గుర్తు తెచ్చుకోండి. నర్సరీలో మొక్కను పీకి, పైన రెండు మూడు సెంటీమీటర్లు వదిలి కాండం కోసేసి, పక్క వేళ్లన్నీ చెక్కేసి, ఒక జానెడు ముల్లంగి ముక్క లాంటిదాన్ని గడ్డపారతో చేసిన కన్నంలో దిగేస్తాం. ఒక్క ఆకు లేదు, ఒక్క పీచు వేరు లేదు. వాన పడితే చిగురిస్తుంది. దేంతో చిగురించింది? ఆ ముక్కలో దాచి ఉన్నదాంతో. అడవి శాఖ ఎన్నో దశాబ్దాలుగా దాని మీద తోటలు పెంచుతోంది.

సరే, ఇప్పుడు ఈ బల్ల దగ్గరికి రండి, ముందు వరుసలో వాళ్లు లేచి చూడొచ్చు. ఇక్కడ రెండు టేకు మొక్కలున్నాయి, ఒకే నారుమడివి. ఈ పొడుగుదానికి నీళ్లలో యూరియా కలిపి పోశాం. దీనికి ఉత్త నీళ్లు. కొనేవాడైతే ఏది ఎత్తుకుపోతాడు? అదేగా, పొడుగుదే. ఆకులు చూడండి ఎంత వెడల్పు, ఎంత నల్లటి పచ్చదనం. ఇప్పుడు రెండింటి వేర్లనూ అడ్డంగా పలచటి బిళ్లలు కోస్తున్నాను. మీద టించర్ అయోడిన్, మెడికల్ షాపులో దొరికేదే, ఒక్కో చుక్క. పిండిపదార్థం ఉంటే నీలం తిరిగి నల్లబడాలి. ఒక నిమిషం... ఆ. పొట్టిదాని బిళ్ల చూడండి, అంచు నుంచి మధ్య దాకా కాటుక పెట్టినట్టు అయింది. పొడుగుదానికి అంచున ఒక నల్ల చార, మధ్యలో గోధుమ రంగే మిగిలింది. ఇది పరిశోధన కాదండీ, రెండు మొక్కలతో ఏదీ రుజువు కాదు. కంటికి చూపిద్దామని తెచ్చాను, అంతే.

పరిశోధన వేరే ఉంది. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో మహేశ్ శంకరన్ బృందం మన దేశపు ఆకురాల్చే అడవుల్లో, పొడి గడ్డి అడవుల్లో పెరిగే రకరకాల చెట్ల మొక్కలను తీసుకుని, నత్రజని, భాస్వరం విడివిడిగా, కలిపి ఇచ్చి చూసింది. 2018లో ఫలితాలు వచ్చాయి. వాళ్లు చెట్లను రెండు జట్లుగా చూశారు. వేళ్లకు బుడిపెలు వేసి, అందులో బ్యాక్టీరియాను పెట్టుకుని, గాలి నుంచి నత్రజని తీసుకోగలిగేవి ఒక జట్టు; సండ్ర, దిరిసెన, తుమ్మ లాంటివి ఈ బాపతు. ఆ పని చేతకానివి రెండో జట్టు. టేకు, మద్ది లాంటివి. (ఇందాక చెప్పిన సండ్ర, దిరిసెన, తుమ్మ చిక్కుడు కుటుంబపు చెట్లే, కానీ ఆ కుటుంబం అయినంత మాత్రాన బుడిపెలు ఉంటాయని లేదు, చింత, రేల, నారేపి ఆ కుటుంబమే అయినా వేయవు. పరీక్షల్లో పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు.)

తేలిందేమిటంటే ఎరువుకు రెండు జట్లూ పెరిగాయి, రెండో జట్టు ఇంకా ఎక్కువ పెరిగింది. రెండింటిలోనూ పైభాగంతో పోలిస్తే వేరు వాటా తగ్గింది. అసలు తేడా దాచుకున్నదాంట్లో ఉంది. బుడిపెలు వేసే చెట్లు మొదటి నుంచీ కింద ఎక్కువ పెట్టుకునే రకం, ఎరువు పడినా వాటి వేర్లలోని పిండిపదార్థం తగ్గలేదు. బుడిపెలు లేనివాటిలో మాత్రం తగ్గింది. అంటే ఎరువుకు ఎక్కువ సంబరపడి ఎదిగిందెవరో, కింద గాదె ఖాళీ చేసుకున్నదీ వాళ్లే.

మరి వానలు బాగుండి, మంట రాకపోతే ఆ ఎదిగినవి దాటుకుపోతాయా? పోతాయి. అది ఒప్పుకోవాలి. మొక్క మంటకు అందని ఎత్తు త్వరగా చేరితే దానికి మంచిదే, ఒకటి రెండు మంచి ఏళ్లు వరసగా వస్తే యూరియా తిన్న మొక్కే గెలవొచ్చు. కానీ రెండు మంచి ఏళ్లు వరసగా రావడం అన్నది ఈ ప్రాంతంలో ఎంత తరచుగా జరుగుతుందో మీకే బాగా తెలుసు. ఎద్దడి ఏడు వచ్చి, ఫిబ్రవరిలోనే మంట లేచి, పైనున్నదంతా పోయాక మళ్లీ చిగురించాల్సి వచ్చినప్పుడు, అప్పుడు తెలుస్తుంది తేడా.

ఇంకో మెలిక ఉంది, నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. ఆ ప్రయోగంలో బుడిపెలు లేని చెట్లకు నత్రజని ఒక్కటే కొరత. బుడిపెలు వేసేవాటికి నత్రజని, భాస్వరం రెండూ కలిస్తేనే ఎదుగుదల. ఇప్పుడు గాలి నుంచి వచ్చేది ఏది? నత్రజని. భాస్వరానికి వాయు రూపంలో తిరిగే అలవాటు లేదు, దుమ్ముతో, బూడిదతో కొద్దిగా వస్తుంది. అంటే మనకు తెలియకుండానే బుడిపెలు లేని జట్టుకు వడ్డిస్తున్నాం, బుడిపెలు వేసే జట్టుకు సగం విస్తరే వేస్తున్నాం. పైగా మట్టిలో తేరగా నత్రజని దొరికితే బుడిపెలు వేసే చెట్లలో చాలావరకు ఆ పని తగ్గించుకుంటాయి. బ్యాక్టీరియాకు చక్కెర పోసి సంపాదించుకోవాల్సింది ఊరికే దొరుకుతుంటే ఎవరు మాత్రం ఎందుకు ఖర్చు పెడతారు! కరువుకు తట్టుకునే చెట్లు, రాళ్ల నేలను పట్టుకుని బాగుచేసే చెట్లు ఈ బుడిపెల జట్టులోనే ఎక్కువ. వాటి ప్రత్యేకతకు విలువ తగ్గిపోతుంది. దశాబ్దాల మీద అడవిలో ఏ చెట్లు ఎన్ని ఉండాలన్న లెక్క మారిపోయే దారి ఇది.

ఈ నత్రజని, భాస్వరాల తేడా ఎక్కడ పుట్టిందో చూస్తే అడవిలో పుట్టలేదు, ఎరువుల దుకాణంలో పుట్టింది. 2010లో కేంద్రం పోషకాల ఆధారంగా సబ్సిడీ అని కొత్త పద్ధతి తెచ్చింది, డీఏపీ (భాస్వరం ఇచ్చే ఎరువు), పొటాష్ ధరలు దాని కిందికి వచ్చాయి, పెరిగాయి. యూరియాను మాత్రం కదిలించలేదు. ఇవాళ యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలు, డీఏపీ బస్తా 1,350. రైతు ఏది ఎక్కువ చల్లుతాడు? ఇందులో రైతును తప్పుపట్టడానికి ఏముంది, ఆ ధరలు పెట్టింది రైతు కాదు. కానీ పొలంలో కుదరని ఆ తూకం గాలి ద్వారా అడవి గట్టు ఎక్కుతోంది అన్నది మాత్రం నిజం. అడవుల గురించి మాట్లాడే సభల్లో ఎరువుల సబ్సిడీ మాట రాకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

పెద్ద చెట్ల మాటేమిటి అని అడుగుతారు. ఇక్కడ ప్రపంచంలో చేసిన ప్రయోగాలు తక్కువ, ఉన్నవి కూడా ఒకే మాట చెప్పవు. మెక్సికోలో యుకటాన్ అని సున్నపురాయి నేల, అక్కడి ఆకురాల్చే అడవిలో భాస్వరం వేసిన చోట కాండాలు త్వరగా లావెక్కాయి, ఎందుకంటే సున్నపునేల భాస్వరాన్ని పట్టేసుకుని వదలదు, ఆకలి దాని మీదే ఉంది. కోస్టారికాలో గ్వానకాస్తే అనే చోట కొన్నేళ్లు వరసగా నత్రజని, భాస్వరం వేసి కొలిస్తే అడవి మొత్తం మీద కాండాల పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎరువు తెచ్చిన తేడా కన్నా వాన బాగా పడిన ఏడుకీ 2015 ఎల్ నినో కరువు ఏడుకీ ఉన్న తేడానే ఎక్కువ. ఇది విని కొందరు "చూశారా, ఎరువు కాలుష్యం వల్ల ఏమీ కాదు" అంటారు. టేపు చుట్టి కాండం కొలిచి ఆ మాట అంటారు. నీళ్లు లేనప్పుడు పోషకం ఉన్నా తినలేదు, సహజమే. కానీ కాండం చుట్టుకొలత మారలేదు కాబట్టి వేరులో, మట్టిలో, కింది మొక్కల్లో కూడా ఏమీ మారలేదని ఎలా అంటాం? టేపు కాండం దాకే పోతుంది.

1989లోనే, సింగ్ గారి వ్యాసం వచ్చిన ఏడే, అమెరికాలో జాన్ ఏబర్, మరికొందరు 'నత్రజని సంతృప్తత' అనే ఆలోచన ముందుకు తెచ్చారు. అడవి మొదట ఎరువుకు ఎదుగుతుంది, తర్వాత ఇక తీసుకోలేక వదిలేస్తుంది, మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం కూడా నైట్రేట్‌తో (నీళ్లలో కరిగే నత్రజని రూపం) పాటు కొట్టుకుపోతాయి, చివరికి క్షీణిస్తుంది అని. అవి చలి దేశపు అడవులు. మనకు ఆ క్రమం అచ్చంగా అలాగే వర్తించదు, మన దగ్గర వాన కొన్ని నెలలే కాబట్టి కొట్టుకుపోవడం కూడా కొన్ని వారాల్లోనే జరుగుతుంది, మధ్యలో మంటలు నత్రజనిని మళ్లీ గాలిలోకి పంపేస్తుంటాయి.

మంట అన్నాను కాబట్టి గడ్డి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నత్రజనికి చెట్టు మొక్క కన్నా ముందు స్పందించేది గడ్డి. పీచు వేళ్లు, పైపైనే ఉంటాయి, తొలకరికి మట్టిలోంచి పోషకం బయటికి రాగానే ముందు చేయి చాపేది అదే. దక్షిణాఫ్రికా పొడి గడ్డి అడవుల్లో చేసిన ప్రయోగాల్లో నత్రజని వేస్తే చెట్ల మొక్కలు పెరగకపోగా తగ్గాయి, ఎందుకంటే పక్కనున్న గడ్డి ఏపుగా లేచి నీళ్లు తాగేసింది. మన బోద గడ్డి కూడా నడుమెత్తు పెరిగి మాఘానికి ఎండితే ఏమవుతుందో ఫైర్ వాచర్లను అడగండి. గడ్డి ఎంత దట్టంగా ఉంటే మంట అంత ఎత్తు లేస్తుంది. ఇప్పుడు రెండూ కలపండి: వేరులో నిల్వ తగ్గిన మొక్క ఒకవైపు, ఎక్కువ వేడితో వచ్చే మంట ఇంకోవైపు. విడివిడిగా చూస్తే రెండూ చిన్న మార్పులే.

బయటి నుంచి వచ్చి అడవిని ఆక్రమించే లాంటానా పొద సంగతి కూడా ఇంతే. వింధ్య అడవుల్లోనే బనారస్ వాళ్లు కొలిస్తే లాంటానా పొదల కింద మట్టిలో నత్రజని విడుదలయ్యే వేగం ఎక్కువగా ఉంది. ఆ పొద తనకు కావలసినట్టు మట్టిని తానే మార్చుకుంటోంది. పైనుంచి మనం ఇంకాస్త అందిస్తున్నాం.

ఇక ప్రశ్నలు.

(ఒక విద్యార్థిని: సార్, చెట్లు ఎక్కువ పెరిగితే కార్బన్ ఎక్కువ పీల్చుకుంటాయి కదా, అది మంచిదే కదా?)

మంచి ప్రశ్న అమ్మా. పైపైన చూస్తే అవును. కానీ ఆకులో, మెత్తటి రెమ్మలో చేరిన కార్బన్ ఎంతకాలం ఉంటుంది? మంట వస్తే ఒక మధ్యాహ్నం. వేరులో, గట్టి కాండంలో చేరింది దశాబ్దాలు ఉంటుంది. ఎరువు పడ్డ మొక్క తన సంపాదనను ఎక్కువ కాలం ఉండే చోటి నుంచి తక్కువ కాలం ఉండే చోటికి మారుస్తోంది అని ఇందాక చూశాం. కార్బన్ లెక్కలు రాసేవాళ్లు పైభాగాన్ని కొలిచి, కింద ఇంత శాతం ఉంటుందిలే అని ఒక స్థిరమైన అంకెతో గుణించేస్తారు. ఆ శాతమే మారుతుంటే లెక్క తేడా కొడుతుంది. ఎంత తేడా అన్నది తవ్వి కొలిస్తేనే గాని చెప్పలేం.

(ఒక బీట్ ఆఫీసర్: మేం రోజూ తిరిగే అడవిలో ఇది జరుగుతోందా లేదా ఎలా తెలుస్తుంది సార్?)

ఇది మీరే చేయగలిగిన పని, నిజానికి మీ అంత బాగా ఇంకెవరూ చేయలేరు. మనం చెట్టును ఛాతీ ఎత్తులో, నాలుగున్నర అడుగుల దగ్గర కొలుస్తాం. తమిళనాడులోని ముదుమలై అడవిలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) వాళ్లు 1988 నుంచి 50 హెక్టార్ల ప్లాటు కొలుస్తున్నారు, అద్భుతమైన పని, అందులో కూడా ఆ ఎత్తులో ఒక సెంటీమీటరు మందం దాటిన కాండాలే లెక్కలోకి వస్తాయి. మనం మాట్లాడుకుంటున్న మొక్క ఆ ఎత్తుకే రాలేదు. అందుకని మోకాలెత్తు మొక్కలను లెక్కలోకి తేవాలి. పొలం గట్టు నుంచి అడవి లోపలికి ఒక గీత గీసినట్టు నడిచి, గట్టు పక్కన, 100 మీటర్ల లోపల, అర కిలోమీటరు లోపల, కిలోమీటరు లోపల ఆగి, ఒకే జాతి మొక్కల ఎత్తూ, నేల దగ్గర కాండం మొదలు మందమూ కొలవండి. గట్టు దగ్గర మొక్కలు ఎత్తు ఎక్కువ, మొదలు సన్నం అయితే అనుమానించాలి. వెలుతురు తేడా కూడా ఉంటుంది, అంచున ఎండ ఎక్కువ, మేకలు కూడా అంచునే ఎక్కువ మేస్తాయి, కాబట్టి పొలం లేని అంచు, అంటే రోడ్డు కోసమో లైను కోసమో కొట్టిన ఖాళీ పక్కన కూడా అదే పని చేసి పోల్చాలి. తొలకరి పడిన వారంలో మట్టి తీసి నైట్రేట్ పరీక్షకు పంపితే ఇంకా మంచిది. ఎండాకాలంలో తీస్తే ఏమీ కనపడకపోవచ్చు, అప్పుడు అదంతా సూక్ష్మజీవుల ఒంట్లో ఉంటుంది కదా.

(ఒక రైతు: సార్, మా చేను అడవి గట్టునే ఉంది. మమ్మల్ని యూరియా మానేయమంటారా?)

మానేయమని ఎవరూ అనరు పెద్దాయనా, నేను అంటే మీరు వినకూడదు కూడా. యూరియా ఎక్కువైతే వరి ఏపుగా లేచి, గాలివానకు పడిపోయి, దోమపోటు, అగ్గి తెగులు తగులుకోవడం మీరు చూసే ఉంటారు, కాబట్టి ఎక్కువైతే ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. నేను అడిగేది మీ కట్టలోది మీ పంటకే పోయేలా చూసుకోమని. ఒకేసారి గుమ్మరించకుండా రెండు మూడు దఫాలుగా వేయండి. ఎండిన నేల మీద పైపైన చల్లి వదిలేయకుండా మట్టిలో కలిసేలా, లేదా వేసిన వెంటనే తడి ఇచ్చేలా చూడండి. మడిలో అయితే నీళ్లు తీసేసి బురద మీద వేసి మర్నాడో ఎల్లుండో నీళ్లు పెట్టండి. మిట్టమధ్యాహ్నం వద్దు. కోళ్ల ఎరువు తెప్పించుకునేవాళ్లు కుప్పను గట్టు పక్కన నెలల తరబడి తెరిచి ఉంచకండి, కప్పండి, త్వరగా దున్నేయండి. ఇవన్నీ మీకు డబ్బు మిగిల్చే పనులే, అడవికి కలిసొస్తుంది.

(అదే రైతు: మరి హరితహారం మొక్కలకు నర్సరీలో యూరియా వేసేవారు కదా సార్, అది అడవి మొక్కే కదా?)

(నవ్వులు)

పట్టుకున్నారు. అవును, అదీ ఇదే కథ. హరితహారం తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటించిన కార్యక్రమం, 2015లో మొదలైంది, మన వైపు నర్సరీలదీ అదే పద్ధతి. సంచిలో మొక్క ఎంత ఎత్తుందని చూసి తీసుకుంటారు కాబట్టి నర్సరీ వాళ్లు ఎత్తు పెంచుతారు. పుస్తకాల్లో ఉన్న పద్ధతి ప్రకారమైతే నాటడానికి కొన్ని వారాల ముందు నత్రజని ఆపేయాలి, నీళ్లు తగ్గించాలి, నీడలోంచి ఎండలోకి జరపాలి, అప్పుడు మొక్క గట్టిపడుతుంది, కిందకు పంపడం మొదలుపెడుతుంది. మీరు మొక్క తీసుకునేటప్పుడు ఎత్తు చూడకండి, నేల దగ్గర మొదలు ఎంత లావుందో వేళ్లతో పట్టి చూసుకోండి. పెన్సిల్ కన్నా సన్నంగా ఉండి నడుమెత్తు ఉన్నదాన్ని అక్కడే వదిలేసి, పక్కనున్న పొట్టిదాన్ని అడగండి. ఇవ్వడానికి వాళ్లకు అభ్యంతరం ఉండదు, దాన్ని ఎలాగూ ఎవరూ తీసుకోరు.